బంగారక్కకి ‘ఏమండీ’ నేర్పిందెవరు?

బంగారక్క జుట్టుపోలిగాణ్ణి ‘ఏమండీ’ అని పిలిచింది. ఒట్టు. నా చెవులతో నేను విన్నాను. పక్క కుర్చీలో ఉన్న నా స్నేహితురాలూ విన్నది గానీ, ఆవిడకి అందులో వింతేమీ కనిపించలేదు. ‘‘కట్టుకున్నవాణ్ణి ఏమండీ అనక మరేమంటుందే?’’ అంది. నాకు మాత్రం ఆ పూటకి ఆట అక్కడితో అయిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ముందు బంగారక్క ఎవరో చెప్పాలి. ఈ కాలపు ఆడపిల్లలు చాలామందికి ఆవిడ పేరే తెలియదు. తోలుబొమ్మలాటలో రాముడూ, సీతమ్మా, ఆంజనేయుడూ, రావణాసురుడూ తమ కథ తాము నడిపించుకుంటూ ఉంటారు. ఆ కథ మధ్యలోకి, పిలవని పేరంటానికి వచ్చినట్టు, ముగ్గురు దూకుతారు. బోడిగుండు మీద పిలక ఎగరేసుకుంటూ జుట్టుపోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, ఆలుమగల మధ్య దూరి తగువు పెంచే కేతిగాడు. రామాయణంలో వీళ్ళకి చోటు లేదు, భారతంలోనూ లేదు. అయినా తెల్లవార్లూ ఆట చూసి ఇళ్ళకి పోయిన జనం మర్నాడు చెరువుగట్టు మీద చెప్పుకుని నవ్వుకునేది వీళ్ళ మాటలే. పోలిగాడు పెళ్ళాం మీద పెత్తనం చెయ్యబోతాడు. ఆవిడ సాగనివ్వదు. ఊరి పెద్దల పిసినారితనం దగ్గర్నించి కొత్త కోడలి కట్నందాకా ఆ ముగ్గురి నోట్లో నానని సంగతి ఉండదు.

ఈ ఆట నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లోనే బొమ్మలాటల ప్రస్తావన ఉంది. తెల్లటి పంచెలు కలిపి తెర కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టి, బొమ్మల్ని ఈతముళ్ళతో తెరకి గుచ్చి నిలబెట్టేవాళ్ళు. మన బొమ్మలు ఐదడుగుల ఎత్తువి కూడా ఉంటాయి. యుద్ధఘట్టం వచ్చిందంటే కాళ్ళకింద చెక్కలు తొక్కి దడదడలాడిస్తారు. ఇందులో మన ఆడవాళ్ళు గమనించవలసిన సంగతి ఒకటుంది. నాటకాల వాళ్ళు ఆడవేషం మగవాడికి కట్టి, స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసి లోకమంతా మురిసిపోతున్న రోజుల్లో కూడా, తోలుబొమ్మల తెర వెనక ఆడవాళ్ళు ఉన్నారు. ఆ కుటుంబాల తల్లులూ, కోడళ్ళూ ఆడబొమ్మలకి గొంతు ఇచ్చేవాళ్ళు, పాడేవాళ్ళు, దెబ్బలాడేవాళ్ళు. మధ్యలో తెర అడ్డం. మొహం ఎవరికీ కనబడదు. అంచేత ముందువరసలో పట్టెమంచం వేయించుకు కూర్చున్న మోతుబరిని కూడా బంగారక్క పేరు పెట్టి కడిగెయ్యగలిగేది. ఆ మోతుబరి నవ్వి ఊరుకోవలసిందే. తోలుబొమ్మ మీద అలిగితే నలుగురూ నవ్వరూ?

ఒకే తెరమీద రెండు తెలుగులు వినిపించడం ఈ ఆట గొప్పతనం. రాముడికీ రావణుడికీ ద్విపద ఉంది. రంగనాథ రామాయణం వాళ్ళకి కంఠతా వచ్చు. రాగం తీసి, పద్యం ఎత్తి, ఆ వైభవమే వేరు. పోలిగాడికీ బంగారక్కకీ పుస్తకం లేదు. నిన్న పక్క ఊళ్ళో అన్న మాట ఇవాళ ఇక్కడ అనరు. అప్పటికప్పుడు పుట్టాలి, అక్కడికక్కడ పేలాలి. మైకు లేని రోజుల్లో గుంపులో చివరి మనిషిదాకా ఆ మాట చేరాలి కాబట్టి గొంతు కీచుగా, గట్టిగా ఉండేది. మెల్లగా మాట్లాడడానికి బంగారక్కకి తీరికేదీ!

ఇక్కడ నేను చెప్పబోయేది కొంచెం జాగ్రత్తగా వినండి. నా గొడవంతా దీనిమీదే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరుంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరం పట్టుచీరలు మనందరి బీరువాల్లోనూ ఉంటాయి గానీ నిమ్మలకుంట పేరు మనలో ఎంతమందిమి విన్నాం? తోలుబొమ్మలాటకి పేరుపడిన కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఈ కుటుంబాలవాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు కాదు. మరాఠీకి దగ్గరి మాట, ఆరె అంటారు. బిడ్డని జోకొట్టేది ఆ మాటలో, పొయ్యి దగ్గర కోడల్ని కేకలేసేది ఆ మాటలో. తెర ముందుకి వచ్చేసరికి బంగారక్క మాత్రం సీమ తెలుగు దంచుతుంది.

మరి ఆ తెలుగు ఆవిడకి ఎక్కణ్ణుంచి వచ్చింది? మన దగ్గర్నించి. ఆట చూడవచ్చిన ఊరి ఆడవాళ్ళ దగ్గర్నించి. బావి దగ్గర, సంతలో, కల్లంలో విన్న మాటని పట్టుకొచ్చి రాత్రికి బొమ్మ నోట్లో పెట్టేవాళ్ళు. సీమలో ఆడితే సీమ మాట, కాకినాడ పక్కన మాధవపట్నంవాళ్ళు ఆడితే గోదారి మాట. తెర దాటి వెళ్ళి చూడండి, ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కర్ణాటకలో తోలుబొమ్మలాటలో కిళ్ళేక్యాతుడి పక్కన ఉండేది కూడా మన బంగారక్కే, కన్నడం మాట్లాడుతుంది. తమిళనాడులో కన్యాకుమారి వైపు ఆడే కుటుంబాలూ ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్ళే. వాళ్ళ హాస్యగాడి పేరు ఉచ్చికుడుమి. అంటే నడినెత్తిన పిలక ఉన్నవాడని. జుట్టుపోలిగాడికి మేనత్త కొడుకన్నమాట! ఆ కుటుంబాల్లో బంధువులు మూడు రాష్ట్రాల్లో బొమ్మల్ని మూడు భాషల్లో మాట్లాడించారు. బొమ్మ యాస ఆడించేవాడిది కాదు, చూసేవాళ్ళది.

అంచేత ‘‘కాలంతోపాటు అన్నీ మారతాయి, బంగారక్క యాస మారితే నీకేమిటమ్మా బాధ?’’ అని నన్ను అడగకండి. ఆవిడ యాస మారుతూనే వచ్చింది. ఊరు మారితే మారేది, తరం మారితే మారేది. నేను ఏడుస్తున్నది మారినందుక్కాదు. ఇదివరకు ఆ మార్పు తెర ముందు చాపలమీద కూర్చున్నవాళ్ళ వల్ల వచ్చేది. ఇప్పుడు వేదికమీద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వల్ల వస్తోంది.

ఇది ఒక్కరోజులో వచ్చిన జబ్బు కాదు. ప్రభుత్వ ప్రణాళికల గురించి ప్రజలకి చెప్పడానికి 1954లో కేంద్రం సాంగ్ అండ్ డ్రామా డివిజన్ అని ఒకటి పెట్టింది. హరికథ, బుర్రకథలాంటి జానపద కళలతోపాటు బొమ్మలాటలకీ ప్రచారపు పని దొరికింది. అన్యాయంగా మాట్లాడకూడదు. సినిమా వచ్చి, ఆ తర్వాత టీవీ వచ్చి, తెల్లవార్లూ కూర్చునే జనం కరిగిపోయాక చాలా కుటుంబాల పొయ్యి ఆ ప్రచారం డబ్బుతోనే వెలిగింది. కుటుంబ నియంత్రణ చెప్పారు, ఎయిడ్స్ గురించి చెప్పారు, మరుగుదొడ్ల గురించి చెప్పారు. అవన్నీ చెప్పవలసిన మాటలే. కానీ అవి ఆఫీసులో కూర్చుని రాసిన మాటలు. రాసిన మాట చేతికి వచ్చాక బంగారక్కకి నాలిక మడత పడింది. ‘చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం’ ధోరణిలో ఎవరైనా మొగుడితో పోట్లాడతారా చెప్పండి?

ఇక నేను చూసిన ఆట. ఏర్పాటు చేసినవాళ్ళ పేరెందుకు లెండి. చెడ్డవాళ్ళు కారు. శాలువాలు కప్పారు, దండలు వేశారు, మన సంస్కృతి అని గంటన్నర మాట్లాడి ఆటకి అరగంట ఇచ్చారు. మాటలు ముందే టైపు చేయించి పంపించారట. ‘మోటు’ లేకుండా చూడమన్నారట. పిల్లలు వస్తారు కదా, పెద్ద పెద్దవాళ్ళు వస్తారు కదా అని. అందులో ఉంది ఆ ‘ఏమండీ’. ‘‘ఏమండీ, ఇంతసేపూ ఎక్కడికి వెళ్ళారు? ఇంట్లో రాగిపిండి నిండుకుంది’’ అంది బంగారక్క, పట్టుపరికిణీ కట్టుకున్న అమ్మాయిలాగా, వినయంగా.

నాకు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఒళ్ళు మండింది. సీమ పల్లెలో ఇదే మాట ఎలా ఉండేదో ఊహించుకోండి. ‘‘యాడికి పోయింటివి రా పొద్దన్నించి? రాగిపిండి లేకపాయ, సంగటి దేంతో గెలికేది?’’ చూశారా తేడా? అక్షరాలా ఒకటే సంగతి. కానీ రెండోది చెప్పే మనిషి నడుంమీద చెయ్యి వేసుకుని గడపలో నిలబడి ఉంది. మొదటిది చెప్పే మనిషి తలుపు చాటున ఉంది. ఆ ‘నిండుకుంది’ మాట చూడండి. ఇంట్లో లేదు అనకూడదు, అశుభం, నిండుకుంది అనాలి అని మనకి అమ్మమ్మలు నేర్పారు. అందమైన మాటే, కాదనను. నేనూ అంటాను. కానీ పిండి లేని ఇంట్లో నిలబడి పిండి లేదని గట్టిగా అరిచే హక్కున్న మనిషి బంగారక్క. తెలుగునాట అంత గట్టిగా అరిచినా ఎవరూ తప్పు పట్టని ఆడది ఆవిడొక్కతే అనిపిస్తుంది నాకు. ఆవిడ నోట్లోకి కూడా మన భయాల్ని తోసేశాం.

మనం అని ఎందుకంటున్నానంటే, ఆ ముందువరస కుర్చీల్లో ఉన్నది మనమే. ‘ఛీ, ఇదేం మోటు’ అని మొహం చిట్లించింది మనలాంటి ఇళ్ళవాళ్ళే. సినిమావాళ్ళు మరీ ఘనులు. వాళ్ళ లెక్కలో సీమ యాస అంటే కత్తి పట్టినవాడు, ఉత్తరాంధ్ర యాస అంటే అంట్లు తోమే మనిషి. హీరోయిన్‌కి మాత్రం ఏ ఊరిదో తెలియని తెలుగు ఒకటి పెడతారు.

దేశం కాని దేశంలోనూ ఇదే కథ జరిగింది. ఫ్రాన్సులో లియోన్ అని పట్టునేతకి పేరుపడ్డ నగరం, వాళ్ళ ధర్మవరం అనుకోండి. అక్కడ లోరాన్ ముర్గే అని నేతపనివాళ్ళ ఇంటి బిడ్డ ఉండేవాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత పట్టు వ్యాపారం దెబ్బతిని, పళ్ళు పీకే వృత్తిలోకి దిగాడు. వచ్చేవాళ్ళకి నొప్పి తెలియకుండా బొమ్మలాట మొదలుపెట్టి, చివరికి పళ్ళు వదిలేసి బొమ్మలే పట్టుకున్నాడు. 1808 ప్రాంతంలో గిన్యోల్ అనే బొమ్మ పుట్టించాడు. మన పోలిగాడిలాంటివాడే. వాడికి మద్లోన్ అని నోరున్న భార్య, తాగుబోతు చెప్పులు కుట్టే స్నేహితుడు. వాడు మాట్లాడేది లియోన్ నేతగాళ్ళ యాస. రాసిన మాటలు లేవు, ఆ రోజు పేపరులో వచ్చిన సంగతి ఆ రాత్రి వాడి నోట్లో ఉండేది. అది ఏలినవారికి నచ్చుతుందా? 1852లో, లూయీ నెపోలియన్ పాలనలో, ఆట మాటలన్నీ ముందుగా కాగితం మీద రాసి అధికారులకి చూపించాలన్నారు. 1865లో ఓనోఫ్రియో అనే న్యాయాధికారి ఆ నాటికల్ని పోగుచేసి, మర్యాదస్తులు చదువుకోదగ్గట్టు అచ్చు వేయించాడు. ఆయనకి ఆ బొమ్మంటే ప్రేమే సుమండీ! ప్రేమతోనే దిద్దాడు. క్రమంగా గిన్యోల్ పార్కుల్లో పిల్లలకి చూపించే ఆటగా మిగిలాడు. ఆ రోజు వాణ్ణి చూసి భయపడ్డ అధికారుల మునిమనవలు ఇవాళ టికెట్టు కొని తమ పిల్లల్ని తీసుకెళ్తున్నారు.

నాకు ఎదురు చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ మాటా వినాలి.

బూతు సంగతేమిటమ్మా అంటారు. ఉంది. లేదని బుకాయించను. పోలిగాడి మాటల్లో నేను చెవులు మూసుకునేవి ఉన్నాయి, కేతిగాడి వేళాకోళంలో ఆడదాన్ని చులకన చేసేవి ఉన్నాయి. అవి పోతే నాకేమీ దిగులు లేదు. కానీ మన శుద్ధికార్యం ఎలా జరిగిందో చూడండి. యాసని పట్టుకుని బూతు అనుకున్నారు. ‘ఏమ్రా’ని తీసేశారు, ‘యాడికి’ని తీసేశారు. ఆటలో పోలిగాడు పెళ్ళాన్ని బుద్ధిలేనిదానివి అనే హాస్యాన్ని మాత్రం భద్రంగా ఉంచారు! నేను చూసిన అరగంటలో ఆ ముక్కకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. ఇదివరకు ఆ మాట అంటే బంగారక్క పదింతలు తిరిగి అనేది. ఇప్పుడు తిరిగి అనడానికి టైపు కాగితంలో లైను లేదు. శుద్ధమైన తెలుగులో ఆడదాన్ని ఎంత చక్కగా అవమానించవచ్చో తెలుసుకోవాలంటే ఏ రాత్రయినా ఏ సీరియలయినా పెట్టుకోండి. మోటు అంటే ఏమిటో ఆ తెర వెనక కూర్చున్న ఆడవాళ్ళు నిర్ణయిస్తే నేను తల వంచుతాను. ఏ లైను ఉంచాలో ఏది తియ్యాలో వాళ్ళకి తెలియదా?

పిల్లలకి మంచి తెలుగు రావద్దా అని మరో ప్రశ్న. రావాలి. అందుకే రాముడి ద్విపద ఉందిగా! బాలీ ద్వీపంలో తోలుబొమ్మలాట చూసినవాళ్ళని అడగండి. రాజులూ దేవతలూ కవి అనే పాతభాషలో మాట్లాడతారు. త్వాలెన్, మెర్దా అని ఇద్దరు సేవకులు పక్కనుండి దాన్ని వాడుకభాషలో జనానికి విప్పి చెబుతారు. పిల్లవాడు రెండూ వింటాడు, రెండూ నేర్చుకుంటాడు. రాముణ్ణి పోలిగాడిలాగా మాట్లాడమని మనూళ్ళో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పోలిగాణ్ణి రాముడిలాగా మాట్లాడమనడం దేనికి? పైగా ఇప్పటి ఆటలో ద్విపద కూడా కత్తిరించేస్తున్నారు, అరగంటలో పట్టదని. పైదీ పోయింది, కిందదీ పోయింది. మధ్యలో మిగిలింది న్యూస్ చదివే తెలుగు.

ఇంకో విడ్డూరం. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజున, మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. బడిలో, పుస్తకంలో జనం మాట్లాడే తెలుగు ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. అడవిలో ఉన్న సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసిన మనిషి. ఆయన ఫోటోకి దండవేసిన వేదికమీదే ఇలాంటి ఆట పెట్టి, జనం మాట్లాడే తెలుగుని ‘మోటు’ అని కొట్టేస్తే ఏమనాలి?

పోనీ, ఈ ‘ఏమండీ’ బంగారక్కయినా ఎన్నాళ్ళుంటుంది? ఆట పిలుపులు తగ్గి, నిమ్మలకుంటలో చాలా ఇళ్ళు ఇప్పుడు తోలుతో లాంతరు దీపాలూ, గోడకి తగిలించుకునే బొమ్మలూ చేసి బతుకుతున్నాయి. లేపాక్షి దుకాణాల్లో చూసే ఉంటారు. చాలా బాగుంటాయి. ఆ రంగులూ, ఆ చిల్లుల్లోంచి పడే వెలుగూ! నేనూ ఒకటి కొన్నాను, హాల్లో సోఫా పక్కన పెట్టాను. కొనవద్దని చెప్పను, వాళ్ళ కడుపు నిండాలి. కానీ ఆ బల్బు వెలిగినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. వీధిలో పదిమందిని కడిగేసిన మనిషిని తెచ్చి హాల్లో దీపంగా కూర్చోబెట్టుకున్నాం. కదలదు, మెదలదు, మాట్లాడదు. వచ్చినవాళ్ళందరూ ‘ఎంత బాగుందో’ అంటారు. మనకి కోడళ్ళు కూడా అలా ఉంటేనే ఇష్టం కదూ!

అందుకని ఒక మనవి. మీ కాలనీలోనో, అపార్టుమెంట్లోనో ఈసారి ఉగాదికి సినిమాపాటల పోటీ మానేసి తోలుబొమ్మలవాళ్ళని పిలవండి. దండలూ శాలువాలూ అక్కర్లేదు, ఆ డబ్బు కూడా వాళ్ళ చేతికే ఇవ్వండి. అరగంట కాదు, కనీసం మూడు గంటలు ఇవ్వండి. కుర్చీలు తీసేసి జంపఖానాలు పరవండి. దయచేసి ఏ కాగితమూ రాసి పంపకండి. దానికి బదులు, ఆట ముందురోజు వాళ్ళని ఇంటికి పిలిచి అన్నం పెట్టి, మీ దగ్గరి కబుర్లన్నీ చెప్పండి. ఎవరింట్లో పనమ్మాయికి జీతం ఎగ్గొట్టారో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళి రాలేదో, లిఫ్టు ఎన్నాళ్ళుగా పనిచెయ్యడం లేదో, ఆ నీళ్ళ ట్యాంకరు డబ్బు ఏమైందో. సెక్రెటరీగారు ముందువరసలో ఎక్కడ కూర్చుంటారో కూడా చూపించి పెట్టండి. మిగతాది బంగారక్క చూసుకుంటుంది.